కుండీ మట్టి మీద పచ్చని బిళ్లలు: లివర్‌వర్ట్‌ల గురించి మీ ప్రశ్నలు

వానలు ముదిరినప్పటి నుంచి ఈ శీర్షికకు ఒకే తరహా ఉత్తరాలు వస్తున్నాయి. కుండీ మట్టి మీద, గోడ మొదట్లో, నూతి గట్టు మీద పచ్చగా ఏదో అంటుకుని పెరుగుతోంది, పీకెయ్యాలా ఉంచాలా అని. పంపిన ఫొటోల్లో చాలామటుకు లివర్‌వర్ట్‌లే ఉన్నాయి, అంటే తడి చోట్ల పెరిగే, పూలు పూయని చిన్న మొక్కలు. ఊళ్లో మనం అన్నిటినీ పాచి అనో నాచు అనో పిలిచేస్తాం కాబట్టి వీటికంటూ వాడుకలో ఓ తెలుగు పేరు నిలబడలేదు. పాఠ్యపుస్తకాల్లోనూ లివర్‌వర్ట్‌లనే రాస్తారు, మేమూ అలాగే రాస్తాం. ఈసారి శీర్షిక మొత్తం వీటికే.

ప్రశ్న: మా తులసికోటలో మట్టి మీద రూపాయి బిళ్లంత పచ్చని చక్రాలు వచ్చాయి. అంచులు రెండేసి పాయలుగా చీలి ఉన్నాయి. మా అత్తగారు పాచి అని గీకేస్తుంటారు, కొద్దిరోజులకే మళ్లీ కనిపిస్తున్నాయి. తులసి వేళ్లకు ఏమైనా హాని చేస్తాయా?
(కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఏ హానీ చేయవండి. మీరు చెప్పిన పోలికలన్నీ రిక్సియావి. ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివినవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. దీనికి కాండం, ఆకులు, వేళ్లు అనే తేడా లేదు, మొత్తం ఒకటే చదునైన రేకు. దాన్ని థాలస్ అంటారు. కొస దగ్గర పెరుగుతూ, పెరిగిన ప్రతిసారీ రెండుగా చీలుతూ పోతుంది. అన్ని పాయలూ ఒకే నడుమ నుంచి బయల్దేరతాయి కాబట్టి మనకు చక్రంలా కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి పాయ మధ్యలో పొడవునా సన్నని గాడి ఉంటుంది. రిక్సియాకు అది మంచి గుర్తు.

అడుగున వేళ్లలా కనిపించేవి మూలతంతువులు. ఒక్కొక్కటీ ఒక్క కణమే. పైపై మట్టిని పట్టుకుని ఉండటం వాటి ముఖ్యమైన పని. నీటిని రేకు ఒళ్లంతా పీల్చుకుంటుంది. తులసి వేళ్లు పనిచేసే లోతుకు అవి దిగవు, కాబట్టి తులసి తిండికి పోటీ రావు. పైగా ఇవి పరుచుకున్న చోట వాన చినుకు పడ్డప్పుడు మట్టి ఎగిరి కింది ఆకులకు అంటుకోదు.

గీకితే ఎందుకు మళ్లీ వస్తున్నాయంటే, గీకినప్పుడు చక్రం ముక్కలవుతుంది. పెరిగే కొస ఉన్న ప్రతి ముక్కా మరో చక్రానికి మొదలు. ముదిరిన రేకుల్లో నల్లని చుక్కలు కనిపిస్తాయి, అవి సిద్ధబీజాల (విత్తనాల్లా పనిచేసే సన్నని కణాల) తిత్తులు. మిగతా లివర్‌వర్ట్‌ల తిత్తుల్లా కాడ మీద పైకి లేవవు, రేకు లోపలే ఉండిపోతాయి. ఆ రేకు కుళ్లితేనే సిద్ధబీజాలు మట్టిలో కలుస్తాయి. ఎండాకాలమంతా అక్కడే పడి ఉండి, మళ్లీ వానలకు మొలుస్తాయి. అంటే మీ తులసికోట మట్టిలో వచ్చే ఏడాది విత్తనం ఇప్పటికే చేరిపోయి ఉంటుంది.

అయితే ఇవి మీకో విషయం చెబుతున్నాయి, అది వినండి. పై మట్టి ఎప్పుడూ ఆరకుండా తడిగా ఉంటేనే రిక్సియా ఇంత దట్టంగా వస్తుంది. తులసికి అంత తడి పనికిరాదు, మొదలు కుళ్లుతుంది. వేలు రెండు అంగుళాలు గుచ్చి చూడండి. లోపల కూడా చల్లగా, అంటుకునేలా ఉంటే ఆ రోజు నీళ్లు వద్దు. రోజూ నీళ్లు పోయడం ఆచారం కాబట్టి, చెంబు బదులు ఉద్ధరిణెడు నీళ్లతో సరిపెట్టండి. కోట అడుగున తూము మూసుకుపోయిందేమో కూడా ఓసారి పుల్లతో పొడిచి చూడండి.

ప్రశ్న: పాచికీ నాచుకీ మీరు చెప్పే లివర్‌వర్ట్‌కీ తేడా కంటితో ఎలా పట్టుకోవాలి?
(హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు వేలితో తాకి చూడండి. జారుడుగా, వేలికి పచ్చగా అంటుకుంటే అది పాచి, అంటే శైవలాలు. మెత్తటి వెల్వెట్ గుడ్డలా నిటారుగా చిన్న చిన్న ఆకులు కనిపిస్తే నాచు మొక్క, ఇంగ్లిష్‌లో మాస్ అంటారు. నేలకు అతుక్కుని, పైముఖం వేరుగా కింద ముఖం వేరుగా ఉన్న చదునైన రేకైతే లివర్‌వర్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. పది రెట్లు పెద్దదిగా చూపించే చేతి భూతద్దం ఒకటి కొనుక్కుంటే ఈ పని చాలా తేలికవుతుంది. లెన్స్‌ని కంటికి ఆనించి పట్టుకుని, తలను మొక్క దగ్గరికి వంచాలి. లెన్స్‌ని మొక్క మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనిపించదు.

ఇక్కడ తరచుగా పొరపాటు జరిగేవి మూడున్నాయి. మొదటిది ఫెర్న్ పిల్ల. ఫెర్న్ సిద్ధబీజం మొలిచినప్పుడు ముందు అరంగుళం కూడా లేని హృదయాకారపు పచ్చ రేకు వస్తుంది. చాలామంది దీన్ని లివర్‌వర్ట్ అనుకుని పీకేస్తారు. వెలుతురుకు ఎత్తి చూస్తే గాజుపొరలా పల్చగా ఉంటుంది, పై ముఖం మీద గాడి గానీ గళ్లు గానీ ఉండవు. ఫెర్న్ కుండీ పక్కన ఇలాంటివి కనిపిస్తే రెండు నెలలు ఆగండి, నొక్కు దగ్గర చుట్టచుట్టుకున్న చిన్న ఆకు లేస్తుంది.

రెండోది హార్న్‌వర్ట్, ఆంథోసెరాస్ లాంటివి. లివర్‌వర్ట్‌లకు దాయాదులే గానీ వేరే తెగ. ముదురాకుపచ్చగా, నూనె రాసినట్టు నిగనిగలాడతాయి. వాన బాగా పడ్డాక వీటి మీద పచ్చని కొమ్ముల్లాంటి సన్నని కాడలు లేచి, ముదిరాక కొస నుంచి రెండు చీలికలుగా విడిపోతాయి. ఆ కొమ్ము కనబడితే ఇక సందేహం అక్కర్లేదు. రేకు కింద ముఖంలో నీలిపచ్చ చుక్కలు కనిపిస్తే అవి నాస్టాక్ గుంపులు. గాలిలోని నత్రజనిని పట్టి ఈ మొక్కకు అందిస్తాయి.

మూడోది ఆ నాస్టాకే విడిగా పెరగడం. వాన పడిన మర్నాడు నేల మీద ముదురు పచ్చని జిగురు ముద్దల్లా ఉబ్బి, ఎండకి నల్లని పొరలా ఎండిపోతుంది. అది మొక్కే కాదు, బాక్టీరియా. జారుడు ఎక్కువ కాబట్టి నడిచే చోట ఉంటే పారతో ఎత్తేయండి, పూలమొక్కల మట్టిలో కలిపినా నష్టం లేదు.

లివర్‌వర్ట్‌లన్నీ రేకులే అనుకోకండి. ప్రపంచంలో ఏడు వేలకు పైగా జాతులుంటే, వాటిలో ఎక్కువ భాగానికి ఆకులుంటాయి. నాచులా కనిపిస్తాయి గానీ ఆకులు కాండానికి రెండు పక్కలా వరుసగా అమరి, మొత్తం నొక్కిపెట్టినట్టు చదునుగా ఉంటాయి. నాచు ఆకుకు సాధారణంగా మధ్య ఈనె ఉంటుంది, వీటికి ఉండదు. చెట్ల బెరడు మీద ఎక్కువగా కనిపించేవి ఇవే.

ప్రశ్న: మా పాత ఇంట్లో నూతి లోపలి రాళ్ల మీద వానాకాలంలో లేత పసుపుపచ్చగా ఓ పొర వస్తుంది. ఓ పక్కనుంచి చూస్తే బంగారంలా మెరుస్తుంది. ఏదైనా విషమా? ఆ నీళ్లు మొక్కలకు పోయవచ్చా?
(విజయనగరం నుంచి)

జవాబు: నిరభ్యంతరంగా పోయండి. అది సయాథోడియం అయి ఉండాలి. మసక వెలుతురులో బతికే లివర్‌వర్ట్. పాత గోడల మొదళ్లు, నూతి ఒరలు, గుహల మొగలు, మెట్ల కింది ఇటుకలు దీనికి ఇష్టమైన చోట్లు. అది సొంతంగా వెలగదు. రేకు ఎంతో పల్చన, లోపల గాలి గదులు పెద్దవి. పడిన కొద్దిపాటి వెలుతురూ ఆ గదుల్లోంచి వెనక్కి తిరిగి వస్తుంది కాబట్టి ఒక కోణం నుంచి మెరుపులా కనిపిస్తుంది. చేత్తో తీస్తే చిరిగిపోతుంది, ఎండ తగిలితే గంటలోనే ముడుచుకుపోతుంది. దీన్ని కుండీలోకి మార్చాలని చూడకండి. నూతికి సున్నం వేయించేటప్పుడు వానకు తడిసే ఉత్తరపు వైపు ఓ మూర మేర వదిలేయగలిగితే చాలు. కొన్ని రకాలు చిన్న దుంపల రూపంలో ఎండాకాలం దాటతాయి, కాబట్టి గోడ ఎండినట్టు కనిపించినా వైరు బ్రష్‌తో రుద్దకండి.

ప్రశ్న: నర్సరీ నుంచి తెచ్చిన అజేలియా, ఫెర్న్ కుండీల మీద పచ్చని తోలు పరిచినట్టు ఒకటి అల్లుకుపోయింది. దాని మీద చిన్న చిన్న గిన్నెలున్నాయి. నీళ్లు పోస్తే లోపలికి దిగకుండా పక్కనుంచి కారిపోతున్నాయి. మందు కొట్టాలా?
(హైదరాబాద్, మియాపూర్)

జవాబు: ఆ గిన్నెలే చెబుతున్నాయి, ఇది మార్కాన్షియా. రేకు మీద గళ్లగళ్లుగా గీతలు, ప్రతి గడి మధ్య ఓ చుక్క కనిపిస్తాయి చూడండి. ఆ చుక్క గాలి రంధ్రం. గుండ్రని అంచున్న గిన్నెల్లో పచ్చని గింజల్లా ఉండేవి జెమ్మాలు. వాన చినుకో, నీళ్ల పైపు ధారో గిన్నెలో పడితే జెమ్మాలు చిమ్మి పక్క కుండీల్లో పడతాయి. గిన్నెలో ఉన్నంతకాలం మొలవవు, బయటపడి తడి మట్టి తగిలిన వెంటనే మొదలవుతాయి. నర్సరీల్లో ఒక కుండీ నుంచి వంద కుండీలకు పాకడం ఇలాగే.

లివర్‌వర్ట్‌ల పక్షాన మాట్లాడే మేమే చెబుతున్నాం, దీన్ని కుండీలోంచి తీసేయడమే మంచిది. మైదాన ప్రాంతంలో సాధారణంగా ఇది కొండల మీది నర్సరీల నుంచి మొక్కలతో పాటు వస్తుంది. మొక్కను తినదు గానీ, దట్టంగా కమ్ముకుంటే మీరన్నట్టు నీళ్లు దిగవు, కొత్తగా నాటిన చిన్న విత్తనాలు ఊపిరాడక చస్తాయి, కింద ఎప్పుడూ తడిగా ఉండటంతో నల్లని చిన్న ఈగలు గుడ్లు పెడతాయి.

మందు అక్కర్లేదు. కుండీకి రెండు రోజులు నీళ్లు పోయకుండా ఆపితే పొర అంచులు కాస్త లేస్తాయి. మొద్దు కత్తితో అంచు ఎత్తి, సెంటీమీటరు మట్టితో సహా అట్టులా ఒకేసారి తీయాలి. పొడిపొడిగా గీకొద్దు, జెమ్మాలు చెదిరిపోతాయి. తీసింది కవరులో కట్టేయండి, కుళాయి పక్కన పారేయకండి. ఖాళీ అయిన చోట అరంగుళం నుంచి అంగుళం మందాన వరి ఊక పరచండి. విదేశాల్లో నర్సరీల్లో పరీక్షించి చూసిన పద్ధతే ఇది, బాగా పనిచేస్తుంది. ఊక మీద తడి నిలవదు, జెమ్మా పడినా ఎండిపోతుంది. ఉప్పుడు బియ్యం మిల్లు ఊకైతే ఇంకా మంచిది, అందులో మిగిలిన గింజలు ఉడికిపోయి ఉంటాయి కాబట్టి వరి మొలకలు రావు. ఊక దొరక్కపోతే ఐదు మిల్లీమీటర్ల చిన్న కంకర రెండు సెంటీమీటర్లు పరచండి.

ఇంత చేసినా మళ్లీ వస్తుంటే తప్పు ఎరువు వేసే తీరులో ఉంది. మార్కాన్షియాకు పైమట్టిలో నత్రజని, భాస్వరం దొరికితే పండగే. చాలామంది డీఏపీ గుళికలు కుండీలో పైన చల్లేస్తారు. దానిలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం, సరిగ్గా దీనికి కావాల్సినవే. ఎరువు వేయాలంటే పుల్లతో రెండంగుళాల లోతు గుంట చేసి అందులో వేసి మూసేయండి. నీళ్లు పైనుంచి షవర్‌లా కాకుండా మొదట్లో పోయండి, పైమట్టి ఆరాకే మళ్లీ పోయండి.

కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం లివర్‌వర్ట్‌లను చంపుతాయి, నిజమే. కానీ రాగి మట్టిలో అలాగే మిగిలిపోతుంది, కుండీ లాంటి చిన్న మట్టిలో ఏటా పోగుపడితే మొక్క వేళ్లే దెబ్బతింటాయి. వెనిగర్ అజేలియాకు కాస్త తగిలినా ఆకులు మాడతాయి. ఉప్పు, బ్లీచింగ్ పౌడర్ అయితే అసలు ముట్టుకోకండి.

ప్రశ్న: కావాలని పెంచుకోవాలంటే ఎలా? బోన్సాయ్ పక్కన చిన్న పళ్లెంలో పెట్టాలని ఉంది. రెండుసార్లు తెచ్చి పెడితే నల్లబడి పోయింది.
(కడియం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మైదానంలో ఉన్నారు కాబట్టి మార్కాన్షియా జోలికి వెళ్లకండి, మన వేసవికి తట్టుకోదు. రిక్సియా, ప్లాజియోకాస్మా మీకు సరైనవి. ఇవి మన వాతావరణానికి పుట్టినవే, ఎండాకాలం పడుకుని వానాకాలం లేస్తాయి.

ఎనిమిది అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల లోతు ఉన్న మట్టి మూకుడు తీసుకుని అడుగున మూడు బెజ్జాలు పెట్టించండి. ప్లాస్టిక్, పింగాణీ వద్దు. మట్టి పాత్ర పక్కలనుంచి కూడా ఊపిరి పీలుస్తుంది, నీళ్లు నిలవవు. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే అది మొక్క తడి లాగేస్తుంది. అడుగున సెంటీమీటరు ఇటుక ముక్కలు. దాని మీద జల్లించిన ఎర్రమట్టి రెండు పాళ్లు, ఏటి ఇసుక ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు కలిపి మూడు సెంటీమీటర్లు. పేడ ఎరువు, వర్మీకంపోస్ట్, కోకోపీట్ ఏదీ కలపకూడదు. బలమైన మట్టిలో లివర్‌వర్ట్ కంటే ముందు పాచి పడుతుంది, అదే దీన్ని మింగేస్తుంది. కలిపిన మట్టి మీద మరిగే నీళ్లు పోసి చల్లారనిస్తే కలుపు గింజలు చస్తాయి.

మొక్క వేసే దారులు రెండు. రెండోది మాకు ఎక్కువ నచ్చుతుంది. మొదటిది, ఇంట్లోనే పెరుగుతున్న రేకుల్ని రూపాయి బిళ్లంత ముక్కలుగా అడుగు మట్టి కొంచెంతో సహా ఎత్తి, రెండేసి సెంటీమీటర్ల ఎడంతో పెట్టి బొటనవేలితో నొక్కడం. కింద ఖాళీ లేకుండా మట్టికి ఆనాలి. మీవి నల్లబడటానికి ఇదో కారణం కావచ్చు. మూలతంతువులు మట్టిని పట్టుకోలేకపోతే రేకు మీదినుంచే ఎండిపోతుంది. రెండోది, వేసవిలో రిక్సియా పెరిగిన చోటి పైమట్టిని చెంచాతో అరసెంటీమీటరు మందాన గీకి, గుప్పెడు దాచుకోవడం. దానిలో సిద్ధబీజాలుంటాయి. తొలకరి తర్వాత దాన్ని మూకుడులో పల్చగా చల్లండి. మట్టితో కప్పకూడదు, మొలవడానికి వెలుతురు కావాలి. మూడు నాలుగు వారాలకు సూదిమొనంత పచ్చని చుక్కలు కనిపిస్తాయి. ఓపిక పట్టాలి గానీ ఇలా వచ్చినవి పెట్టిన ముక్కల కంటే గట్టిగా ఉంటాయి.

మూకుడు కింద పళ్లెంలో సెంటీమీటరు నీళ్లు పోసి, రెండు గంటలు ఉంచి మిగిలింది పారబోయండి. పైనుంచి పోయాలంటే సన్నని స్ప్రేయర్ వాడండి. మొదటి పది రోజులు గాజు పలక మూయండి, కానీ ఒక పక్క వేలు పట్టేంత సందు వదలాలి. పూర్తిగా మూస్తే బూజు పడుతుంది. పొద్దున రెండు గంటల లేత ఎండ, మిగతా రోజంతా వెలుతురు మాత్రమే. తూర్పు వైపు అరుగు బాగుంటుంది.

మీ మొక్క పోవడానికి అసలు కారణం నీళ్లే అయ్యుంటుందని మా అనుమానం. టీ గిన్నె అడుగున తెల్లపొర కట్టే బోరు నీళ్లయితే, వాటిలోని సున్నం, ఉప్పులు రేకు మీదే ఎండి పేరుకుంటాయి. వేళ్లున్న మొక్కకు మట్టి కొంత అడ్డుపడుతుంది, దీనికి ఆ అడ్డు లేదు. వాన నీళ్లు పట్టుకోండి. ఈ మూకుడుకు రోజుకు వంద మిల్లీలీటర్లు చాలు, అంటే ఇరవై లీటర్ల డబ్బా రెండొందల రోజులు వస్తుంది. దోమలు రాకుండా మూత బిగించాలి. ఆర్‌ఓ యంత్రంలోంచి బయటికి పోయే వృథా నీళ్లు పనికిరావు, వాటిలో ఉప్పులు ఇంకా చిక్కగా ఉంటాయి. తాగడానికి వచ్చే నీళ్లయితే పరవాలేదు.

పెరిగాక కనిపించే తేడాలను ఇలా చదువుకోండి. కొసలు పసుపు తిరిగితే ఎండ ఎక్కువ. సన్నగా, నిటారుగా పైకి లేస్తుంటే వెలుతురు తక్కువ. నడుమ గోధుమరంగులోకి మారి అంచులు పచ్చగా ఉంటే అది జబ్బు కాదు, ముసలి భాగం రాలిపోయి అంచులు వేరు మొక్కలవుతున్నాయి. మధ్యలో నాచు మొలకెత్తితే చిన్నప్పుడే చిమ్టాతో తీసేయండి, ఆలస్యమైతే రెండూ పెనవేసుకుపోతాయి.

ప్రశ్న: తలకోన జలపాతం దగ్గర రాళ్ల మీద అందమైనవి చూశాను. కొంచెం తెచ్చుకుని తోటలో పెట్టుకోవచ్చా?
(తిరుపతి)

జవాబు: వద్దండి. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో భాగం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడినుంచి అనుమతి లేకుండా ఏ మొక్కా తేకూడదు, గుప్పెడు నాచయినా సరే. చట్టం సంగతి పక్కన పెట్టినా, జలపాతపు తుంపరలో బతికేది మీ మేడ మీద వారం నిలవదు. రాయి మీద అరచేయంత పొర రావడానికి ఏళ్లు పడుతుంది. ఫొటో తీసుకోండి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. పెంపకం ఎలా ఉంటుందో చూడాలంటే నైనితాల్ దగ్గర ఖుర్పాతాల్‌లో ఉత్తరాఖండ్ అటవీశాఖ 2020లో తెరిచిన మాస్ గార్డెన్ ఉంది, ఆ వైపు వెళ్లినప్పుడు చూడండి.

ప్రశ్న: మా కాఫీ తోటలో ముదురు ఆకుల మీద పచ్చని మచ్చలు అల్లుకుంటున్నాయి. సిల్వర్ ఓక్ మొదళ్ల మీద ఎర్రగా, ముదురు గోధుమరంగులో ఒకటి పెరుగుతోంది. తెగులా?
(పాడేరు)

జవాబు: ఆకు మీది మచ్చను గోటితో లేపి చూడండి. పొరలా లేచి, కింద ఆకు మామూలుగా ఉంటే అది ఆకుల మీద పెరిగే లివర్‌వర్ట్, లెజ్యూనియా కుటుంబం. ఆకును ఆసరాగా వాడుకుంటుందే గానీ తెగులు కాదు. తోటలో గాలి ఆడటం లేదని, నీడ మరీ ఎక్కువైందని దానికి అర్థం. నీడ చెట్ల కొమ్మలు కొన్ని తీయిస్తే తగ్గుతుంది. గోటికి లేవకుండా, తుప్పు రంగులో వెల్వెట్‌లా ఉంటే అది సెఫల్యూరాస్ అనే శైవలం, ఆకు పైపొర కిందికి దిగి నిజంగానే నష్టం చేస్తుంది. మామిడి, జామ మీద కూడా వస్తుంది. ఆకుతుప్పు తెగులుకు మీరు కొట్టే 0.5 శాతం బోర్డో మిశ్రమం రెంటినీ తగ్గిస్తుంది, కాబట్టి లివర్‌వర్ట్ కోసం విడిగా ఇంకోసారి కొట్టించకండి.

మొదళ్ల మీది ఎర్రటిది ఫ్రులానియా. చెట్టుకు దాని వల్ల నష్టం లేదు. మనుషులకే ఒక జాగ్రత్త: దానిలోని ఒక పదార్థం కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. మిరియాలు కోయడానికి ఆ చెట్లెక్కేవాళ్లలో ఎవరికైనా మోచేతుల లోపలి వైపు దురద వస్తుంటే, నిండు చేతుల చొక్కా వేసుకోమనండి.

ప్రశ్న: లివర్‌వర్ట్ అనే పేరుంది కదా, లివర్ జబ్బుకు కషాయం కాచి తాగవచ్చా?
(నెల్లూరు నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: తాగకూడదు. రేకు తమ్మెలు కాలేయం ఆకారంలో ఉన్నాయని, ఏ అవయవంలా కనిపిస్తే ఆ అవయవానికి మందన్న పాతకాలపు ఐరోపా నమ్మకంతో పెట్టిన పేరది. లివర్‌వర్ట్ కణాల్లో నూనె బిందువులుంటాయి. ఇలాంటివి మరే మొక్కల తెగలోనూ లేవు. పురుగులు తినకుండా మొక్కను కాపాడే రసాయనాలవి, లోపలికి తీసుకునేవి కావు. చదువు విషయానికొస్తే, మన దేశంలో వీటి అధ్యయనానికి పునాది వేసింది లాహోర్‌లో పనిచేసిన ఆచార్య శివరామ్ కశ్యప్ (1882–1934). హిమాలయాల్లో తిరిగి ఆయన కొత్త ప్రజాతులనే (దగ్గరి జాతుల గుంపులనే) గుర్తించారు. మీరు బీఎస్సీలో ఉంటే ఓ పని చేయండి: మీ కాలేజీ ఆవరణలో ఏ గోడ మీద ఏ నెలలో ఏది కనిపిస్తోందో ఏడాది పాటు రాసిపెట్టండి. రేకుల్ని పాత పేపర్ కవర్‌లో నీడన ఆరబెట్టి, తేదీ, చోటు, కింద రాయో మట్టో రాస్తే చాలు. ప్లాస్టిక్ కవర్‌లో పెడితే బూజు పడుతుంది. మన జిల్లాల్లో ఈ పని చేసేవాళ్లు చాలా అవసరం.

ప్రశ్న: చేపల తొట్టిలో వేసే రిక్సియా, మట్టి మీది రిక్సియా ఒకటేనా? కొన్నది నీళ్ల పైకి తేలిపోతోంది.
(గుంటూరు)

జవాబు: ప్రజాతి ఒకటే, జాతి వేరు. తొట్టిలోది రిక్సియా ఫ్లూయిటన్స్, సన్నని పాయలతో అల్లికలా ఉంటుంది. తేలడం దాని స్వభావం, నీళ్లలో ఉన్నప్పుడు పట్టుకోవడానికి మూలతంతువులే వేయదు. జపాన్‌కు చెందిన అక్వేరియం డిజైనర్ తకాషి అమానో రాళ్లకు కట్టి దీన్ని పచ్చికలా పరిచే పద్ధతిని ప్రపంచానికంతా పరిచయం చేశారు. మీరూ చదునైన రాయి మీద సెంటీమీటరు లోపు మందాన పరిచి, చేపల గాలం దారంతో అర అంగుళానికో చుట్టు చుట్టండి. మందంగా కడితే కింది భాగానికి వెలుతురందక కుళ్లి, మొత్తం ఊడి తేలుతుంది. రెండు మూడు వారాలకోసారి కత్తిరించాలి. కత్తిరించిన ముక్కల్ని తడి బురద మీద వేసి చూడండి, కొద్ది వారాల్లో మూలతంతువులు వేసి నేలమొక్కగా మారుతుంది. చెరువులో మాత్రం పారేయకండి, తొట్టి నత్తలు దానితో పాటు పోతాయి.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. కరివేపాకు కుండీని చలికి లోపల పెట్టాక మట్టి మీద పచ్చని రేకులు, వాటి మీద అర్ధచంద్రాకారపు తిత్తులు వచ్చాయి. ఇండియా నుంచి వచ్చినవా?
(ఒక పాఠకురాలు)

జవాబు: కాదండి. అర్ధచంద్రాకారపు తిత్తి లూన్యులేరియాకు తప్ప వేరే దేనికీ ఉండదు. మధ్యధరా ప్రాంతం నుంచి నర్సరీ మొక్కలతో ప్రపంచమంతా తిరిగింది. మన ఊటీలోనూ ఉంది. మార్కాన్షియాకు చెప్పిన పద్ధతిలోనే తీసేయండి. అంతకంటే ముఖ్యం, చలికాలంలో కరివేపాకు దాదాపు నిద్రపోతుంది, అప్పుడు వేసవి లెక్కన నీళ్లు పోస్తే లివర్‌వర్ట్ బతుకుతుంది, కరివేపాకు చస్తుంది. పై రెండంగుళాలు పూర్తిగా ఆరాకే పోయండి. స్థానికమైనవి పెంచుకోవాలని ఉంటే మీ పెరట్లో వానాకాలంలో వాలు గట్టు మీద మొలిచేవాటిని చూడండి. యాస్టరెల్లా కాలిఫోర్నికా అక్కడి సొంత మొక్క, వేసవికి ముడుచుకుని శీతాకాలపు వానకు విప్పుకుంటుంది.

ప్రశ్న: మా పెరటి రాతిగోడ మీద ఉన్నవి మార్చి కల్లా నల్లని దారాల్లా చుట్టుకుపోయాయి. చచ్చిపోయినట్టేనా? గోడ కడిగించి సున్నం వేయిద్దామనుకుంటున్నాం.
(నంద్యాల)

జవాబు: చావలేదు. రాతిగోడ మీద, సున్నపు పూత సందుల్లో ఉండేవి ప్లాజియోకాస్మా, టార్జియోనియా. ఎండ ముదిరితే రేకు అంచులు పైకి మడిచి, అడుగున ఉన్న ముదురు ఊదా రంగు పొలుసుల్ని పైకి తెచ్చుకుంటాయి. మీరు చూసిన నలుపు ఆ పొలుసులదే. ఆ పొలుసులు లోపలి పచ్చదనానికి ఎండ తగలకుండా గొడుగు పడతాయి. ఏది ఏదో తెలుసుకోవాలంటే రేకు కొస కింద చూడండి. ఆల్చిప్పలా నల్లని తిత్తి ఉంటే టార్జియోనియా. రేకు నడుమ నుంచి పొట్టి కాడ మీద చిన్న గొడుగు లేచి ఉంటే ప్లాజియోకాస్మా.

వేసవిలో జాలిపడి నీళ్లు చల్లకండి. మధ్యాహ్నం తడిపితే విప్పుకుని, సాయంత్రానికి మళ్లీ ఎండిపోతాయి. ఇలా రోజూ జరిగితే దాచుకున్న బలమంతా అయిపోతుంది. సున్నం వేయించేటప్పుడు ఇవి ఉన్న భాగం మీద తడి గోనెపట్టా వేలాడదీసి మిగతా గోడకు వేయించుకోండి, పని అవగానే పట్టా తీసేయండి. రోహిణి కార్తె దాటి మృగశిరలో రెండు మంచి వానలు పడ్డాక ఉదయం వేళ వెళ్లి చూడండి, ఆ దారాలు పచ్చగా పరుచుకుని ఉంటాయి. పది రోజులైనా విప్పుకోని వాటినే పోయినట్టు లెక్కేసి తీయండి.